మూఢంలో విప్పని పెట్టె

మొన్న పొద్దున దుకాణం తీసి కంప్యూటర్ ఆన్ చేయగానే, నేను వాడే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు త్వరలో కంపెనీ మద్దతు ఆగిపోతుందనీ, కొత్తదానికి మారాలనీ తెర మీద ఒక కబురు వచ్చింది. మీసంలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఇంకా కుర్రాడిననే అనుకునే నేను దాన్ని మూసేసి చాయ్ తాగబోయాను గానీ, గ్లాసు పక్కన పెట్టి మళ్లీ దాన్నే తెరిచి చదివాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, కొత్తకోటలో మా మేనమామ పెళ్లికార్డుల ప్రెస్సులో పనిచేసినప్పుడు కూడా ఇలాంటి కబురే వచ్చింది.

ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎవరూ కొత్త కార్డు అడిగేవారు కాదు. పెద్దబిడ్డకు కొట్టిన కార్డే తీసి పేర్లు మార్చమనేవారు. పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది కిందికి పోవాలి అన్నది మొదటి పెళ్లిలోనే నానా గొడవపడి తేల్చుకున్న సంగతి కాబట్టి, దాన్ని మళ్లీ కదిలించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ల ఒప్పందాలన్నీ అలా మా మామ కంప్యూటర్‌లో భద్రంగా ఉండేవి. మా ప్రెస్సుకు ఉన్న ఆస్తి అదొక్కటే. మిగతాదంతా దుమ్ము.

పాలమూరు నుంచి వచ్చిన కంప్యూటర్ రిపేరు మనిషి, గడువు దాటితే ఈ పాతదానికి ఏ రోగమొచ్చినా మందు పంపేవాళ్లు ఉండరనీ, కొత్తది కొని, పాత కార్డులన్నీ అందులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ తెరిచి తెలుగు అక్షరాలు సరిచూసుకోవాలనీ చెప్పాడు. మామ దవాఖానలో డాక్టరు మాట విన్నట్టు విని కొత్త కంప్యూటర్ తెప్పించాడు. తీరా అది వచ్చేసరికి మూఢం మొదలైంది. ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు, ప్రెస్సులో ఈగలు తప్ప గిరాకీ లేదు. ఆ పనికి అంతకన్నా తీరిక మళ్లీ దొరకదు.

"మూఢంల పెట్టె విప్పుతరా అల్లుడా? మంచిది గాదు," అన్నాడు మామ.

"పాతది పోయేది గూడ మూఢంలనే గద మామా. దానికెవలు పెట్టిన్రు ముహూర్తం?"

లోపలి నుంచి అత్త అందుకుంది. "మా పెండ్లి మంచి ముహూర్తం జూసే చేసిన్రు. ఏమైందో నన్ను జూడు."

పెట్టె మూలన కూర్చుంది, బొట్టు పెట్టించుకుని. మామకు మాత్రం తిండి సయించలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, మంచాన పడ్డ మనిషిని పలకరించినట్టు "నడుస్తాందా?" అని అడిగేవాడు. గడువు రోజు ఛాతీ మీద చెయ్యి వేసుకుని దాని ఎదుట కూర్చున్నాడు. అది ఎప్పటిలాగే గురకపెడుతూ లేచింది.

"పోతదని దండకు గూడ చెప్పిన మామా. వద్దని చెప్పి రావాల్నా?"

మామ చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఉత్తగనే బెదిరిస్తరని తేల్చేశాడు.

మూఢం పోయిన మర్నాడే, అన్నాళ్లూ ఆగినవాళ్లంతా ఒక్కసారిగా గుమ్మంలో నిలబడ్డారు. ఇక పెట్టె విప్పే తీరిక ఎక్కడిది? ఆ సందట్లో ఎవరో పెళ్లికొడుకు ఫోటో ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తే పెట్టాను. అందులో ఉన్న వైరస్ మధ్యాహ్నానికల్లా అంతటా పాకింది. ఒక్క కార్డూ తెరుచుకోలేదు. పాలమూరు మనిషి పరుగున వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. నాకు ఒక్క జోకూ తట్టలేదు.

మామ ఆ విప్పని పెట్టె మీదే కూలబడ్డాడు. "ఇగ మన దగ్గరికెందుకొస్తరు అల్లుడా? ఏదన్న పెద్ద ప్రెస్సుకే పోతరు."

అప్పుడే ఒక రైతు రెండో బిడ్డ పెళ్లికని వచ్చాడు. మామ లేచి నిలబడి ఉన్నమాట చెప్పాడు.

"గంతేనా? మా పెద్దబిడ్డ కార్డు ఇంట్ల అద్దం ఎనుక ఉన్నది గద," అన్నాడాయన. "రేపు తెస్త. నీ ముఖం జూసి ఎవలో పోయిన్రనుకున్న."

మర్నాడు తెచ్చాడు, పొగచూరి, మూలల్లో ఇంకా పసుపు అంటుకుని ఉన్న కార్డు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లనూ అదే అడిగాం. సందుకపెట్టెల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి కార్డులు వచ్చాయి. ఒకదాని వెనక పిల్లకు సూది వేయించాల్సిన తారీఖు రాసి ఉంది. మామ ఎట్టకేలకు పెట్టె విప్పి, కొత్త కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టాడు, నీళ్లు లోపలికి పోకుండా నేను దాని మీదికి గొడుగులా వంగి ఉండగా. ఆ ఇళ్లవాళ్లు పక్కన కూర్చుని పేర్లు చదువుతుంటే కార్డులన్నీ మళ్లీ కొట్టాను. కొన్ని పేర్ల మీద వేలు పెట్టి, ఇప్పుడు లేరనేవారు. అక్కడ ముందు కీర్తిశేషులు అని చేర్చేవాణ్ణి. ప్రెస్సు నిలబడింది.

మామ లేడిప్పుడు, కార్డుల పని నేనే నడుపుతున్నాను. మొన్న ఆ కబురు చూశాక క్యాలెండర్ తిప్పితే, సరిగ్గా మూఢమే నడుస్తోంది. అయినా, కొత్త సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ పెట్టె తెప్పించి, విప్పి, మామ ఊరుకోడని ఒక మూలన బొట్టు మాత్రం పెట్టి, కార్డులన్నీ రెండు చోట్ల దాచాను. ఇవాళ పొద్దున మళ్లీ వాటిని తెరిచి చూసుకున్నాను. ఇప్పుడు అందరూ ఫోనులో పంపేందుకు బొమ్మ చాలంటున్నారు, పెళ్లి కాగానే తుడిచేస్తున్నారు. ఈసారి నా దగ్గరున్నవి పోతే, ఎవరింటి అద్దం వెనక వెతకమనాలి?