ఆ ఆదివారం పంతులమ్మ ఇంట్లో

మా లెక్కల పంతులమ్మ పోయిందని పోయిన సోమవారం కార్డు వచ్చింది. ఎమ్మిగనూరు బడిలో నేను పిల్లల హాజరు పిలుస్తుంటే పోస్టుమాను కిటికీలోంచి అందించాడు. రాసింది ఆమె అక్క కూతురు. "చిన్నమ్మ శనివారం పొద్దున పోయింది. నెల దినాలుగా రొమ్ములో నొప్పి. చివర్లో ఫాదర్ వచ్చి పాపసంకీర్తనం విన్నారు. నెమ్మదిగా పోయింది. ఏడో దినం పూజకు రా."

నెమ్మదిగా పోయింది అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఫాదరుకు చెప్పుకోవలసింది చెప్పుకుని, మనసు తేలిక చేసుకుని వెళ్లిపోయిందన్నమాట. నాకు చెబుతానన్నది మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆమె గురించి మంచి రాయమంటే చాలా ఉంది. అదే ముందు రాస్తాను. కానీ రెండోది కూడా రాయాలి. అది దాచిపెట్టి మంచి ఒక్కటే రాస్తే, ఆ మంచిని కూడా నేను నమ్మలేను.

మాది నందవరం దగ్గర చిన్న ఊరు. అమ్మా నాయనా కూలి పనికి పోయేవాళ్లు. మా వాడలో ఫాదర్ల గుడి పక్కనే అయిదో తరగతి దాకా బడి ఉండేది. నాకు అయిదు పూర్తయిన ఏడు పంతులమ్మ ఫాదరుతో కలిసి ఆదోని నుంచి వచ్చింది. పలక మీద నాతో నాలుగు లెక్కలు చేయించి, నేరుగా పత్తి చేలో ఉన్న మా అమ్మ దగ్గరికి నడిచింది. నల్లరేగడి మట్టి చెప్పులకు అంటుకుంటే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది.

"ఈ పాపను కాన్వెంటు బడికి పంపించు. స్కూలు ఫైనలు దాకా నేను చదివిస్తా" అంది.

"ఆదోని శానా దూరం తల్లీ. ఆడ దీనికి ఎవురుండారు?" అంది అమ్మ.

"నేనుండాను కదమ్మా. దీని పూచీ నాది."

అమ్మ ఒడిలోని పత్తి కింద పోసి, నా చెయ్యి పట్టుకుని నిజంగానే ఆమె చేతిలో పెట్టింది.

ఆరేళ్లు ఆ బడి బోర్డింగులో ఉన్నాను. బడిని నడిపేది దొరసాని మదర్, మరి ముగ్గురు సిస్టర్లు. పంతులమ్మ సన్యాసిని కాదు. చిన్నప్పుడే భర్త పోతే మళ్లీ పెళ్లి మాట ఎత్తనీయలేదట. బడి గోడను ఆనుకుని ఉన్న రెండు గదుల ఇంట్లో, తల్లీ తండ్రీ లేని అక్క కూతురిని పెంచుకుంటూ ఉండేది. ఆ పిల్లదీ నాదీ ఒకే తరగతి, ఒకే ఎత్తు, ఇంచుమించు ఒకే జడ. రేఖాగణితం పుస్తకం మా ఇద్దరికీ ఒక్కటే.

చలికాలం వచ్చిందంటే పంతులమ్మ మమ్మల్ని గదిలో కూర్చోనిచ్చేది కాదు. ఆదోని కొండల బండల మీదుగా ఎండ బడి ఆవరణలోకి దిగేటప్పటికి చాలా పొద్దెక్కేది. ఎండ ఎక్కడ పడితే అక్కడికి చాపలు జరిపించేది. గంట గడిచేసరికి తరగతి మొత్తం తూర్పు గోడ నుంచి బావి దాకా జరిగిపోయేది. వీధిలో పత్తి బండ్లు గింజ తీసే జిన్ను ఫ్యాక్టరీలకు వరసగా పోతుంటే దూది పోగులు గాలిలో తేలివచ్చి మా జడల మీద వాలేవి. సుద్దముక్కలు ఆమె కొంగు చివర ముడిలో ఉండేవి. ఆ ముడి విప్పిందంటే ఇక మాటలుండవు.

"అంకెల్ని చూసి బెదరాకండి. అడిగిందేందో చూడండి" అనేది. ఎవరైనా తప్పు చేసి గబగబా తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "తుడిచేయాకు పాపా. యాడ తప్పినావో కనబడాల. పక్కన మళ్లా చెయ్యి." నేనిప్పుడు మా పిల్లలకు ఇదే చెబుతున్నాను.

జర్మనీ యుద్ధం మొదలైన మరుసటేడు మా స్కూలు ఫైనలు. క్రిస్మస్ సెలవులు అయిన వెంటనే సెలెక్షన్ పరీక్షలు పెట్టేవాళ్లు. వాటిలో నెగ్గినవాళ్ల పేర్లే పెద్ద పరీక్షకు పంపేవాళ్లు. ఆ సంవత్సరం మేం అయిదుగురం. నాకు లెక్కల్లో బెంగ లేదు. పంతులమ్మ అక్క కూతురికి లెక్కలంటే చేతులు చల్లబడేవి. "నేను తప్పితే చిన్నమ్మ పరువు పోతుంది" అని నాతో చాలాసార్లు అంది.

లెక్కల పరీక్ష సోమవారం. ముందురోజు ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక పంతులమ్మకు జ్వరమని తెలిసి నేను వాళ్లింటికి పోయాను. ఆమె గొంగళి కప్పుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది.

"మా పిల్లేదీ? నీతో చదువుకుంటానని బోర్డింగుకు వచ్చిందే?"

"రాలేదమ్మా" అన్నాను.

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి మళ్లీ పడుకుంది. నేను శొంఠి దంచి, మిరియాలు వేసి కషాయం కాచి ఇచ్చాను. కాళ్లు పట్టాను. జ్వరంలోనే నాతో మూడు లెక్కలు చేయించింది. సాయంత్రం జపానికి గంట కొట్టేదాకా నేను ఆ ఇల్లు కదలలేదు.

సోమవారం పొద్దున మదర్ ప్రశ్నపత్రాలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. ఆదివారం మధ్యాహ్నం కడగడానికి ఆఫీసు గది తెరిచి ఉంచారు. బడి ఓణీ వేసుకున్న పెద్ద పిల్ల ఒకతె అందులోంచి వెళ్తుంటే వెనక నుంచి చూశానని గేటు కాసే ముసలమ్మ చెప్పింది. మా పెట్టెలు వెతికారు. మడతపెట్టిన ఆ కాగితం నా పెట్టెలో, రేఖాగణితం పుస్తకంలో దొరికింది.

మదర్ నన్ను పిలిచింది. ఆమె తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నది.

"నిన్నటి మధ్యాహ్నమున నీవు ఎక్కడ నుంటివి?"

నాకు భయం వేయలేదు. నమ్ముతారో లేదో, కొంచెం నవ్వు కూడా వచ్చింది. "పంతులమ్మ ఇంట్లో ఉన్నాను మదర్. ఆమెను అడగండి" అన్నాను.

పంతులమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. జ్వరం ఇంకా తగ్గలేదు. మదర్ అదే అడిగింది. పంతులమ్మ నా పుస్తకం వైపు చూసింది. ఆ పుస్తకం శనివారం నుంచి సోమవారం పొద్దుటి దాకా ఎవరి దగ్గర ఉందో ఆమెకు తెలుసు. నాకు అప్పటికి ఆ సంగతి తట్టనే లేదు. తర్వాత ఆమె గోడ వైపు చూస్తూ అంది.

"ఎవరూ రాలేదు మదర్. జ్వరంతో నేనొక్కదాన్నే పడుకోనుంటి."

ఆమెకు జ్వరం ఎక్కువై మరిచిపోయిందేమో అనుకున్నాను. "అమ్మా, కషాయం కాచింది నేనే కదా!" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు. అప్పుడు అర్థమైంది, మరిచిపోలేదని. చూసి ఉంటే ఆ మాట నిలబెట్టగలిగేది కాదు.

పరీక్షలకు పంపే జాబితాలో నా పేరు కొట్టేశారు. మా నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. పత్తి దింపి ఖాళీగా తిరిగిపోతున్న బండి వెనక ఇద్దరం కూర్చున్నాం. చాలాదూరం పోయాక అడిగాడు.

"నువ్వు తీసినావా?"

"లేదు నాయనా."

"ఆయమ్మ ఇంట్లోనే ఉంటివా?"

"ఉన్నాను."

"మల్ల ఆయమ్మ అట్ల యాల సెప్పింది?"

పుస్తకం ఆ రెండు రోజులూ పంతులమ్మ అక్క కూతురి దగ్గరే ఉండి, సోమవారం పొద్దునే నా చేతికి వచ్చిందన్న సంగతి నాకు ఆ బండిలోనే తట్టింది. నాయనకు చెప్పాను. ఆయన బండివాడికి వినబడకుండా ఏడ్చాడు. మదర్ దగ్గరికి తిరిగి పోదామని నేనంటే, "కూలోళ్ల మాట ఎవురింటారు పాపా?" అన్నాడు.

ఆ మార్చిలో పంతులమ్మ అక్క కూతురు స్కూలు ఫైనలు పాసైంది. మరుసటి చలికాలానికి నేను మా అమ్మ పక్కన పత్తి తీస్తున్నాను. మా వాడలో నాకు కొత్త పేరు వచ్చింది, కాగితాల దొంగ అని. నీళ్ల దగ్గర పిల్లలు పిలిచేవాళ్లు.

అట్లాంటి రోజుల్లో ఒక శనివారం పంతులమ్మ మా చేలోకి వచ్చింది. ఈసారి చెప్పులు విడవడం కూడా మరిచిపోయింది. అమ్మ ఆమెను చూసి తల తిప్పుకుని పత్తి తీస్తూనే ఉంది.

"బళ్లారిలో ప్రైవేటుగా పరీక్షకు కూర్చోవచ్చు. దరఖాస్తు రాసుకొచ్చినా. శనివారం శనివారం ఎమ్మిగనూరు గుడికి రా. నేను వచ్చి చెబుతా" అంది నాతో.

పోకూడదనుకున్నాను. పోయాను. చదువు మీద ఆశ అంత పని చేయించింది. ఆ చలికాలమంతా ఆమె బొగ్గుతో నడిచే బస్సులో ఆదోని నుంచి వచ్చేది. అది దారిలో రెండుసార్లయినా ఆగేది. ముఖమంతా మసి పట్టి దిగేది. గుడి వసారాలో కూర్చుని, నేను తినలేదని తెలిస్తే తను తెచ్చుకున్న జొన్నరొట్టె నా ముందు పెట్టి, తాను తిన్నానని చెప్పేది. ఒక్క శనివారం కూడా తప్పలేదు. నాకు వచ్చిన లెక్కలన్నీ ఆ వసారాలో గట్టిపడినవే.

ఒకరోజు లెక్క మధ్యలో ఆపి అడిగాను. "ఆ దినం ఎందుకట్ల చెప్పినారమ్మా?"

సుద్దముక్క ఆమె చేతిలో తిరుగుతూ ఉండిపోయింది. దాని వైపే చూస్తూ అంది. "దానికి నేను తప్ప ఎవురూ లేరు పాపా. ఆ పొద్దు దాన్ని పంపించేస్తే యాడికి పోతుంది? నీకు అమ్మా నాయనా ఉండారు."

"మా అమ్మ నన్ను మీ చేతిలోనే కదా పెట్టింది" అన్నాను.

ఆమె తల వంచుకుంది. కళ్లు తుడుచుకుంటే బుగ్గ మీద మసి పక్కకు పాకింది. "మదర్‌తో చెబుతా. నీ పరీక్ష కానీ. నీ పేరు మీద మచ్చ ఉంచను" అంది.

నేను పాసయ్యాను. ట్రైనింగు అయింది. ఉద్యోగం వచ్చింది. ఆమె మాత్రం చెప్పలేదు. మొదట రెండేళ్లు ఎదురుచూశాను. తర్వాత ఆమె రాసే కార్డుల్లో ఆ మాట కోసం వెతకడం మానేశాను. ఒకసారి ఆదోని బజారులో మదర్ ఎదురైతే నమస్కారం పెట్టాను. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న సిస్టరుతో ఏదో అని ముందుకు పోయింది. ఆ సాయంత్రమే పంతులమ్మకు జాబు రాశాను, ఇంకెప్పుడని. జవాబుగా పిల్లలకు భిన్నాలు సులువుగా ఎట్లా చెప్పాలో రెండు పేజీలు వచ్చాయి. వాటిని చించుదామనుకుని చించలేకపోయాను. అవి నిజంగా బాగున్నాయి.

ఏడో దినం పూజకు ఆదోని పోయాను. ఆ రెండు గదుల ఇంట్లో ఆమె అక్క కూతురు ఒక్కతే ఉంది. ఇప్పుడు ఆ బడిలోనే చిన్న తరగతులకు చెబుతోంది. నీళ్లిచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నన్ను గురించి ఏమైనా చెప్పిందా?" అని అడిగాను.

"నువ్వు వస్తావా అని అడిగె. అంతే." తర్వాత తనే అంది. "అక్కా, ఆ కాగితం నేనే తీసినా. చదువుకుని పుస్తకంలో మరిచిపోయినా. నీ మీదికి రావాలని పెట్టలేదు. చిన్నమ్మ చెప్పింది నిజమనే, నువ్వు ఆ పొద్దు యాడో తిరుగుతాంటివనే అనుకున్నా. చిన్నమ్మకు తెలిస్తే చచ్చిపోతుందని ఇన్నేళ్లూ నోరు ఇప్పలేదు."

"ఆమెకు ఆ రోజే తెలుసు" అన్నాను. "ఆ మధ్యాహ్నమంతా నేను ఇక్కడే ఉన్నాను. ఈ పొయ్యి మీదే కషాయం కాచాను."

ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేను. ఏడేళ్లకు పైగా ఒకే ఇంట్లో, పక్కపక్కన కూర్చుని తింటూ, ఆ సంగతి ఒకరి దగ్గరొకరు దాచుకుని బతికారు. నన్ను పణంగా పెట్టి కాపాడిన పిల్లతో కూడా పంతులమ్మ మనసు విప్పలేదు. అప్పటిదాకా నేనొక్కదాన్నే మోసపోయాననుకున్నాను.

"మదర్ దగ్గరికి పోయి చెబుతా" అంటూ లేచింది.

చెబితే ఆమె ఉద్యోగం ఉండదు. వద్దు అనడం సులువే. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అయినా అనలేదు. నన్ను కఠినురాలనుకోండి. ఆమె గేటు దాకా పోయి, మదర్ ప్రార్థనలో ఉందని తిరిగి వచ్చింది. "రేపు చెబుతా" అంది. నాకు ఆ ఇంట్లో రేపు అన్న మాట కొత్తది కాదు. నీళ్ల లోటా కింద పెట్టి లేచాను. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని, "చిన్నమ్మ గురించి రాస్తానంటివి కదక్కా. నా మాట కూడా కలిపి రాయి" అంది. ఆ మాట చాలనిపించింది.

కాబట్టి రాస్తున్నాను. పరీక్ష ముందటి ఆ ఆదివారం నేను మా పంతులమ్మ ఇంట్లో ఉన్నాను. భోజనాల తర్వాత నుంచి సాయంత్రం జపం దాకా ఉన్నాను. ఈ రెండు వాక్యాలు ఇంత తిన్నగా రాయడం నేర్పింది కూడా ఆమే. ఆమె మీద నాకున్న కృతజ్ఞత ఎంత పెద్దదో, ఆ గుమ్మంలో ఆమె గోడవైపు తిప్పిన ముఖం మీద కోపం కూడా అంతే ఉంది. ఒకటి రెండోదాన్ని తగ్గించడం లేదు.

పూజ అయ్యాక అందరం సమాధుల తోటకు నడిచాం. కొత్త మట్టి మీద చెక్క శిలువ ఉంది, పేరు ఇంకా రాయించలేదు. ఈ ఏటి స్కూలు ఫైనలు పిల్లలు పదిమంది సమాధి చుట్టూ నిలబడ్డారు. మరుసటి వారమే వాళ్ల సెలెక్షన్ పరీక్షలు. ఫాదర్ ప్రార్థన చదువుతుంటే అందరి పెదవులూ కదులుతున్నాయి. నా పక్కనున్న పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, చలికి ఓణీ భుజాల చుట్టూ బిగించుకుని, గొంతులోనే ఏదో గొణుగుతోంది. చెవి పెట్టి విన్నాను. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలని, నిరూపణ మొదటి నుంచీ చెప్పుకుంటోంది. మధ్యలో ఒకచోట తప్పింది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.