నంబరు ప్లేటు మీద పాళీ రాత

జగ్గయ్యపేటలో నాకు కార్డులూ స్టిక్కర్లూ వేసే చిన్న షాపు ఉంది. కంప్యూటర్లో వందల రకాల ఇంగ్లీషు ఫాంట్లున్నా నేను మనసు పడింది ఒక్కదాని మీదే. పాతకాలపు ఫాంటు అది. వాలుగా పట్టిన పాళీతో ఎవరో తీరిగ్గా రాసినట్టుంటుంది. గీత ఒకచోట లావెక్కి, మలుపులో సన్నబడుతుంది. అక్షరాల కొసల్లో చిన్న చిన్న పాదాలుంటాయి. నందిగామ నుంచి వచ్చే చర్చి పెళ్లి కార్డులకీ, జ్ఞాపకార్థ కూడికల కార్డులకీ అదే వాడతాను. రెండు సందర్భాల్లోనూ ఒకే మర్యాద చూపిస్తుంది.

దాని అంకెలు మాత్రం ఒకే ఎత్తున నిలబడవు. మూడు, నాలుగు, ఏడు గీత కిందికి దిగుతాయి. ఆరు, ఎనిమిది పైకి లేస్తాయి. సున్నా ముడుచుకుని చిన్న 'ఓ'లా కూర్చుంటుంది. వాక్యం మధ్యలో ముచ్చటగానే ఉంటాయి. వాటిని కత్తిరించి నా పాత స్కూటర్ వెనక ప్లేటు మీద అతికించడం పూర్తిగా నా సొంత ఆలోచన. మా ఆవిడని అడగలేదు. అడిగితే వద్దనేది.

టీచరు ఉద్యోగం పరీక్షకి ఆవిడకి కోదాడలో సెంటరు పడింది. తొమ్మిదికి గేటు మూస్తారు. ఇది తప్పితే మళ్లీ రాయడానికి వయసు ఒప్పుకోదు. ఎనిమిదికి బయల్దేరాం. కావలసినంత టైముందని దారిలో రెండుసార్లు అన్నాను కూడా.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఆపి, ప్లేటు ముందు వంగాడు.

"ఇది సున్నానా, ఓ నా?"

"సున్నా అండి."

"మరి ఏడు కిందికి జారిందేంటి?"

జారలేదనీ, దాని స్వభావమే అంతనీ చెప్పాను. అది అక్కడ చెప్పాల్సిన మాట కాదని చెప్పాక తెలిసింది. ఆయన తనకి కనిపించినట్టు మెషీన్లో కొట్టాడు. అలాంటి బండే లేదని వచ్చింది. ఆర్‌సీ చూపించినా నమ్మలేదు. నంబరు సరిగ్గా కనబడేదాకా బండి కదలదని తాళాలు తీసుకున్నాడు.

ఎనిమిదిన్నరైంది. ఆటో కోసం చూశాను. ఆగినవన్నీ లారీలే.  ఆవిడ తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

ఆవిడ జడలోంచి పిన్ను తీసి, ప్లేటు ముందు కూర్చుని గీకడం మొదలుపెట్టింది. సన్నటి పాదాలు వెంటనే లేచాయి. లావు గీతలు మాత్రం ఎంతకీ రాలేదు. మంచి గమ్ము వాడతానని నా షాపుకి పేరు. చివరికి గోళ్లతో పీకేసింది. కాసేపు చూసి కానిస్టేబుల్ జేబులోంచి మార్కర్ తీశాడు. నేను చెయ్యి చాపాను.

"మీరు రాయొద్దండీ. ఇటివ్వండి," అందావిడ.

నాలుగంకెలు ఒకే ఎత్తున, ఆస్పత్రి టోకెన్ మీద రాసినట్టు రాసింది. కానిస్టేబుల్ నిలబడే చదివి, తాళాలిచ్చేశాడు.

కోదాడ వరకూ ఎక్కడా ఆపకుండా తోలాను. గార్డు గేటుకి గొలుసు తగిలిస్తుండగా, బండి పూర్తిగా ఆగకముందే ఆవిడ దూకి లోపలికి పరిగెత్తింది. లోపల వేలిముద్ర తీసుకుంటారన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ వేళ్ల నిండా నా గమ్మే.

మూడు గంటలు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. గేటు తీశాక వచ్చి స్కూటరెక్కింది.

"వేలిముద్ర నాలుగోసారికి పడింది," అంది. "పరీక్ష బాగానే రాశా. మీ గమ్ము కూడా మంచిదేనండీ."