సెకండ్ గేర్లో ఒక కునుకు

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ క్లచ్ మాస్టారు అనేవారు. పక్క సీట్లో కూర్చుని రోజంతా "క్లచ్, క్లచ్" అంటూ ఉండడం వల్ల వచ్చిన పేరది. ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఎదురుగా లారీ వస్తున్నా, కారు కాలవ వైపు పోతున్నా ఆ మాట అదే శ్రుతిలో వచ్చేది. స్కూలు కారులో ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉండేవి. నేర్చుకునేవాళ్ళు కారు తామే ఆపామనుకుని మురిసిపోతుంటే, ఆయన తన పాదాన్ని మెల్లిగా బ్రేకు మీంచి తీసి కిటికీలోంచి బయటికి చూసేవారు.

అంత నెమ్మదస్తుడికి నిద్ర కరువవడం చాలా ఏళ్ళ కిందట మొదలైంది. ఒక బ్యాంకు ఉద్యోగి బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కి, కారుని తిన్నగా ఒక సోఫాల షాపులోకి పోనిచ్చాడు. మాస్టారు బ్రేకు వేశారు. కానీ ఈలోపలే అద్దం పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. షాపులో ఒక పెద్దాయన సోఫా మెత్తగా ఉందో లేదో చూద్దామని కూర్చుని, ఫోను మోగితే సరిగ్గా అప్పుడే లేచి పక్కకి వెళ్ళాడు. కారు మూతి ఆ సోఫాలోకి దిగబడి ఆగింది.

ఆ రాత్రి నుంచి మాస్టారికి కన్ను మూతపడగానే కుడికాలు బ్రేకు తొక్కేది. బ్రేకు ఉండాల్సిన చోట భార్య పిక్క ఉండేది. ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, "డాక్టరు దగ్గరికి వెళ్తారా, వేరే మంచం వేయించుకుంటారా?" అని అడిగింది. డాక్టరు రెండు వారాలకని ఒక నిద్రమాత్ర రాశాడు.

ఆ రెండు వారాలు చాలాకాలం సాగాయి. కూతురి చదువైంది, పెళ్ళైంది, మనవరాలు పుట్టింది, ఆ పిల్లకి పాలపళ్ళు ఊడడం కూడా మొదలైంది. మాత్ర మాత్రం కొనసాగింది. డాక్టరు పాత చీటీ మీదే మళ్ళీ సంతకం పెట్టేవాడు. రాత్రి భోజనమయ్యాక మాత్ర, ఆ తర్వాత ఎవరో లైటు ఆర్పినట్టు నిద్ర. పొద్దున మళ్ళీ ఎవరో లైటు వేసినట్టు మెలకువ. మధ్యలో ఏం జరిగిందని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ డాక్టరు ప్రాక్టీసు మానేశాక ఆ గదిలోకి ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చింది. మాస్టారి బీపీ చూసి, వాడుతున్న మందుల చీటీ చూసి, ఆయన మొహం చూసింది.

"ఇది ఇన్నేళ్ళు వాడేది కాదండీ. మానెయ్యాలి. అయితే ఒక్కసారిగా కాదు..."

"మానెయ్యాలి" దగ్గరే మాస్టారి మనసు లేచి చెప్పులేసుకుంది. డాక్టరమ్మ ఆ తర్వాత ఇంకా చాలా చెప్పింది. ఆయన మర్యాదగా తలూపారు. ఇన్నేళ్ళూ ఒక మాత్ర మీద బతికానా అని ఆయనకి లోపల చిన్నతనంగా ఉంది. ఇంటికి వచ్చీ రావడంతోనే మిగిలిన మాత్రలు చెత్తబుట్టలో పడేశారు.

ఆయన భార్య ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. మిషను ఆపి చూసింది.

"ఒకేసారి మానెయ్యమందా?"

"మానెయ్యమంది."

"ఒకేసారా అని అడుగుతున్నాను."

"మానెయ్యడమంటే ఎన్నిసార్లు మానేస్తారే?"

ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మొదటి రాత్రి ఆయన రెప్ప వాల్చలేదు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి ఒళ్ళంతా చెమట పట్టింది, చేతులు వణికాయి. వంటింట్లో ఫ్రిజ్ ఇన్నాళ్ళూ ఇంత గొంతేసుకుని మాట్లాడేదని ఆయనకి తెలియదు. పై వాటాలో ఎవరో మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెడితే, అది తన తల మీద పెట్టినట్టుండేది. అలా వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఎప్పుడో తెల్లారగట్ల కాస్త మగత కమ్మేది. అంతలో సోఫాల షాపు అద్దం పగిలేది. ఇన్నేళ్ళలో ఆ అద్దం ఒక్కసారీ గుర్తు రాలేదు. మాత్ర దాన్ని ఎక్కడ దాచిందో, అక్కడి నుంచి అది చెక్కుచెదరకుండా వచ్చి ముందు నిలబడింది.

పక్కనే భార్య నిద్రపోయేది. దిండుకి తల ఆనీ ఆనకముందే ఆవిడ ఊపిరి మారిపోయేది. మాస్టారికి ఆవిడ మీద మొదట ఆశ్చర్యం, తర్వాత అసూయ, ఆ తర్వాత కోపం వచ్చాయి. ఒకరోజు ఉండబట్టలేక భుజం తట్టి లేపారు.

"నువ్వెలా నిద్రపోతావే?"

"పడుకుని," అని ఆవిడ అటు తిరిగింది.

ఆవిడకి జాలి లేదని కాదు. మర్నాడు పొద్దున్నే నల్లటి దళసరి గుడ్డ తెచ్చి, పడకగది కిటికీకి రెండు పొరల కర్టెను కుట్టింది. గది ఎంత చీకటైందంటే, మాస్టారు బాత్రూముకని లేచి బీరువాకి కొట్టుకుని కాలి గోరు ఊడగొట్టుకున్నారు. ఇంకోరోజు తోడుగా మేలుకుని కబుర్లు చెప్తానంది. మంచానికి చేరగిలబడి, "మా చిన్నప్పుడు ఏమైందంటే" అని మొదలుపెట్టింది. ఏమైందో మాస్టారికి ఇప్పటికీ తెలియదు. ఆవిడ అక్కడే కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆయన లేచి ఆవిడ మెడ కింద దిండు సర్దారు.

నిద్ర రాని మనిషికి సలహాలకి కొదవుండదు. పాలు తాగమన్నారు, పాలు మానమన్నారు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోమన్నారు. బావమరిది ఫోను చేసి, "వంద నుంచి వెనక్కి లెక్కపెట్టండి బావగారూ, ముప్ఫైకి వచ్చేసరికి ఎవరైనా పడిపోవాల్సిందే" అన్నాడు. మాస్టారు సున్నా దాకా వచ్చి, అక్కడ ఏం చెయ్యాలో బావమరిది చెప్పలేదని గ్రహించారు.

ఇంత జరుగుతున్నా ఆయన పని మానలేదు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండడంతో నేర్చుకునేవాళ్ళు ఆయనకి కోపం వచ్చిందనుకుని ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపేవారు. కారు ఎక్కితే నిద్ర దానంతటదే పారిపోతుందని ఆయన నమ్మకం. రాత్రే రానిది పగలు ఎందుకు వస్తుందని వాదించేవారు. వాదించడానికి ఎదుట ఎవరూ లేరు కాబట్టి గెలిచేవారు.

ఆ రోజుల్లో ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ కారు నేర్చుకోవడానికి వచ్చేది. ఆవిడ ప్రపంచంలో ఎవరికీ అడ్డం రాకూడదన్నంత నిదానంగా నడిపేది. సైకిళ్ళు దాటిపోయేవి. ఒకసారి తోపుడుబండి కూడా దాటింది. చేసే ప్రతి పనీ పైకి చెప్పే అలవాటు ఆవిడకి. "అద్దం చూస్తున్నాను. క్లచ్ తొక్కుతున్నాను. రెండో గేరు వేస్తున్నాను. క్లచ్ వదులుతున్నాను." తరతరాల పిల్లలు మధ్యాహ్నం క్లాసులో ఆ గొంతు వింటూ బల్లల మీద వాలిపోయి ఉంటారు.

ఆ మధ్యాహ్నం గిడ్డంగుల వెనక పొడుగాటి రోడ్డు మీద ఎండ మెత్తగా కిటికీలోంచి పడుతోంది. "అద్దం చూస్తున్నాను," అంది ఆవిడ. మాస్టారు విన్న ఆఖరి మాట అదే.

కాసేపటికి ఆవిడ, "మూడో గేరు వెయ్యమంటారా మాస్టారూ?" అని అడిగింది. జవాబు లేదు. పరీక్ష పెడుతున్నారేమో అనుకుని జాగ్రత్తగా ముందుకి పోనిచ్చింది. ఇంకో ఫర్లాంగు వెళ్ళాక పక్క సీట్లోంచి సన్నగా గురక వినిపించింది. ఆవిడ ఓరకంట చూసింది. మాస్టారి తల కిటికీకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది.

కారు పక్కన ఆపాలనే మొదట అనుకుంది. కానీ ఆవిడ మనవడికి కారు కదులుతున్నంతసేపే నిద్ర, ఆగిందంటే లేచి కూర్చుంటాడు. మూడు వారాలుగా మాస్టారి ఎర్రబడ్డ కళ్ళు చూస్తూనే ఉంది. మూడో గేరు వెయ్యమనేవాళ్ళు లేరు కనక రెండో గేరులోనే, నోట్లో మాట నోట్లోనే గొణుక్కుంటూ, ఊరు చుట్టింది. స్కూలుకి తిరిగొచ్చే దారిలో, మాస్టారు చెప్తుంటే తప్ప ఎప్పుడూ దాటని మార్కెట్ జంక్షను దాటింది. స్కూలు ముందు కారు నిలిపి, ఇంజను ఆపితే లేస్తారని అలాగే ఉంచి, స్టీరింగు పట్టుకుని కూర్చుంది.

స్కూలు ఓనరు వచ్చి అద్దం మీద తట్టాడు. మాస్టారు ఉలిక్కిపడి, ఆగి ఉన్న కారుకి గట్టిగా బ్రేకు వేశారు.

"మనం ఎక్కడున్నాం?"

"స్కూలు దగ్గర," అంది హెడ్మిస్ట్రెస్.

"మార్కెట్ జంక్షను ఎవరు దాటించారు?"

"నేనే."

"సిగ్నలు?"

"ఎర్రగా ఉంటే ఆగాను. పచ్చగా అయ్యాక వచ్చాను. మీరు చెప్పిందేగా."

మాస్టారు కారు దిగారు. హెడ్మిస్ట్రెస్ ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నేనెవరితోనూ అననులెండి," అంది.

"మీరు అనక్కర్లేదమ్మా," అన్నారాయన, "నేనే అంటాను."

తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళి, కారు తాళం ఓనరు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పారు. ఓనరు ఒకప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

"ఎవరికీ ఏమీ కాలేదుగా మాస్టారూ."

"కాలేదు. కానీ కాకుండా చూసింది నేను కాదు. నా కాలు ఎక్కడుందో కూడా నాకు తెలియదు."

ఓనరు తాళం వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "సరే, మీకు నిద్ర కుదిరేదాకా క్లాసురూములో రోడ్డు గుర్తులు చెప్పండి," అన్నాడు.

ఆ సాయంత్రమే భార్య మాస్టారిని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసారి సగం విని రాకుండా తను కూడా లోపలికి వచ్చి కూర్చుంది. మాస్టారు మాత్రలు ఒకేసారి మానేసిన సంగతి ఒప్పుకున్నారు.

"మీ దగ్గర నేర్చుకునేవాళ్ళకి టాప్ గేరులో పోతూ హ్యాండ్‌బ్రేకు లాగమని చెప్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చెప్పను."

"మీరు చేసింది అదే. ఫిట్స్ వచ్చి ఉంటే?"

భార్య మాస్టారి వంక తిరిగి చూసింది. "ఒకేసారా అని నేను రెండుసార్లు అడిగాను," అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ మాత్ర మళ్ళీ మొదలుపెట్టించింది, కానీ పాతదానికన్నా తక్కువ మోతాదులో. అక్కడి నుంచి కొన్ని వారాలకి ఒకసారి, తను చూశాకే, ఇంకొంచెం తగ్గిస్తానంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవాలి. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. రాకపోతే లేచి హాల్లో కూర్చోవాలి, మంచం మీద దొర్లుతూ నిద్ర కోసం కాపలా కాయకూడదు. వింటుంటే ఇంతేనా అనిపించింది మాస్టారికి. చెయ్యడం మొదలుపెట్టాక అలా అనిపించలేదు. పొద్దున లేపే పని భార్య పుచ్చుకుంది. ఆవిడ లేపే పద్ధతి దుప్పటి లాగడం.

మోతాదు తగ్గించిన ప్రతిసారీ కొన్ని రాత్రులు పాడయ్యేవి, తర్వాత కొంచెం కుదురుకునేవి. హాల్లో కుర్చీలో కూర్చుని ఆయన భార్య కుట్టిన కర్టెన్ల అంచులకి రింగులు ఎక్కించేవారు. ఒక రాత్రి అలా రింగులు ఎక్కిస్తూ, ఆ సోఫాల షాపు గురించి మొదటినుంచి చివరిదాకా నింపాదిగా తలుచుకున్నారు. బ్యాంకు ఉద్యోగి పాదం, తన పాదం, ఫోను మోగడం, పెద్దాయన లేవడం. దాన్ని ఆ చివరిదాకా చూడడం అదే మొదలు. చివర్లో పెద్దాయన బతికే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకి తెలియనిది కాదు, కానీ గుర్తొచ్చినప్పుడల్లా అద్దం పగలడం దగ్గరే ఆగిపోయేవారు. కళ్ళు తుడుచుకుని ఇంకో కర్టెను అందుకున్నారు. పొద్దున భార్య లేచి చూసేసరికి సగం రింగులు తలకిందులుగా ఉన్నాయి. ఆవిడ విప్పి మళ్ళీ ఎక్కించింది.

వానాకాలంలో మొదలైంది ఎండలు ముదిరేదాకా పట్టింది. చివరికి మాత్ర పూర్తిగా ఆగింది. అలాగని మాస్టారు ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారని చెప్తే అబద్ధమవుతుంది. మంచి రాత్రి అయితే ఐదు గంటలు, పాడు రాత్రి అయితే అందులో సగం. పాడు రాత్రి గడిచిన పొద్దున ఓనరుకి ఫోను చేసి, "ఇవాళ నేను రోడ్డు గుర్తులు," అంటారు. ఓనరు ఎందుకని అడగడు. డాక్టరమ్మ సరేనన్నాకే ఆయన మళ్ళీ కారెక్కారు.

హెడ్మిస్ట్రెస్ లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పింది. మరీ నిదానంగా నడిపిందని రాశారు. రెండోసారి ప్యాసైంది. మార్కెట్ జంక్షను గురించి ఆవిడ ఎవరితోనూ అనలేదు. మాస్టారే కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ఆ సంగతి చెప్తారు, తన తప్పు తప్పుగానే. నిద్ర లేని రోజు స్టీరింగు ముట్టుకోకండి, పక్క సీట్లోనూ కూర్చోకండి అంటారు, అదే శ్రుతిలో.

మొన్నీమధ్య ఒకరోజు తెల్లవారుతుండగా ఆయన భార్యని తట్టి లేపారు.

"ఏమైంది?" అని ఆవిడ కంగారుగా లేచి కూర్చుంది.

"కల వచ్చింది."

మాత్ర వేసుకున్న అన్నేళ్ళలో ఆయనకి కలన్నది రాలేదు.

"పీడకలా?"

"కాదు. ఏదో ఆఫీసులో క్యూలో నిలబడ్డాను. చాలా పెద్ద క్యూ. నా వంతు వచ్చేసరికి కౌంటరు మూసేశారు."

"అంతేనా?" అంది ఆవిడ.

"అంతే," అన్నారు మాస్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.