పైడమ్మ గారి అడ్డసరం

హరికథ చెప్పడానికి కలకత్తా వెళ్తుంటే రైల్లో ఏసీ గాలికి దగ్గు పట్టుకుంది. టికియాపారా రైల్వే క్వార్టర్లలో నాకు బస ఇచ్చిన ఇంటికి చేరేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మర్నాడు సాయంత్రమే కథ.

పక్కింటి పైడమ్మ గారు నా దగ్గు విని, గుమ్మం పక్కన పాత రంగుడబ్బాలో పెంచుతున్న మొక్క నుంచి నాలుగు ఆకులు కోసుకొచ్చారు. చూస్తే అడ్డసరం! మా ఊళ్ళో మేకలు ముట్టవని పొలం కంచెకు వేసే మొక్క.

"ఇక్కడోళ్ళు దీన్ని బాసక్ అంతారు బాబూ. మా అత్త సికాకోలు నుంచి కొమ్మ అట్టుకొచ్చి నాటింది" అంటూ, మిరియాలు వేసి కషాయం కాచి, తేనె కలిపి ఇచ్చారు. తేనె కలిపినా ఆ చేదుకు ఒళ్ళు జలదరించింది. అయినా పూటపూటా తాగాను. మర్నాడు సాయంత్రం మంగళం పాడేదాకా గొంతు ఎక్కడా మొరాయించలేదు.

తిరుగు ప్రయాణం రోజున నేను ఆవిడ గుమ్మం ముందు నిలబడి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాను. ఆవిడ కంగారుగా చెయ్యి అడ్డంపెట్టారు.

"అదేటి బాబూ! మందు తాగినోడు మల్లీ వత్తానంతాడేటి? రోగం కూడా నీతోటే వత్తాది. మాటాడకుండా ఎల్లిపో!"

మాటలమ్ముకుని బతికే నేను నోరు మూసుకుని మెట్లు దిగాను. సందు మలుపు తిరగబోతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"ఓ బాబూ! మందుకి రావొద్దన్నాను గానీ, చేపల పులుసుకి రా!"

వెనక్కి తిరిగి, క్వార్టర్లన్నిటికీ వినపడేలా, "వస్తానమ్మా!" అని రాగం తీశాను.