మూడోసారి అడిగే పబ్బు

మొన్న మంగళవారం పొద్దున బిల్డింగు ఓనర్ల తరఫు ఏజెంటు ఒకావిడ వచ్చి, మా పబ్బు ముందరి అద్దానికి ‘ఫర్ లీజ్’ అనే ఎర్రక్షరాల కాగితం అంటిస్తూ, ఒక కొస కాస్త పట్టుకోమని నన్నే అడిగింది. నేనూ పట్టుకున్నాను. వంకరగా ఉందేమోనని వీధిలోకి వెళ్ళి చూసి మరీ సరిచేయించాను, ఇన్నేళ్ళు ఆ అద్దాన్ని తుడిచిన చెయ్యి కదా, వంకరపని చూస్తూ ఊరుకోలేకపోయింది. పోయిన నెల ఆవిడే ఫోన్ చేసి లీజు రెన్యూ చేసుకుంటారా అని అడిగితే వద్దులెమ్మన్నాను. సరే, థాంక్యూ అని పెట్టేసింది. మొన్న వెళ్తూ వెళ్తూ మాత్రం, నెలాఖరులోగా మనసు మారితే ఒక ఈమెయిల్ పెట్టండి, ఈ కాగితం తీసేస్తాను అంది. ఆ మాట అనకుండా వెళ్ళినా బాగుండేది. అప్పటినుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

నా ఈడువాళ్ళు ఇది చదివి, ఈవిడకేం పోయేకాలం, పబ్బు నడపడమేమిటి అనుకోకముందే ఒక మాట చెప్పాలి. హైదరాబాదులో ఇప్పటి పిల్లలు వెళ్ళే పబ్బు వేరు, చెవులు చిల్లులు పడే పాటలూ, మిణుకు మిణుకుమనే లైట్లూ. మాది ఇంగ్లాండు పద్ధతి పబ్బు. చెక్క బల్లలు, గోడకి బాణాలు విసిరే బోర్డు, మూలగా ఒక టీవీలో శబ్దం తగ్గించి పెట్టిన హాకీ ఆట, అంతే. ఒక్క గ్లాసు బీరు కొనుక్కున్నవాడు సాయంత్రమంతా కూర్చోవచ్చు, లెమ్మనేవాళ్ళుండరు. మన ఊళ్ళలో టీకొట్టు బెంచీ మీద మనిషికి ఎంత హక్కుందో, ఇక్కడి కుర్చీ మీద అంత హక్కు.

అసలు నేను అందులో చేరడమే ఒక విడ్డూరం. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా అమ్మ చీపురుకట్ట చేతబట్టి, తోటి ఆడవాళ్ళను వెంటేసుకుని, సారాయంగడి ముందర బైఠాయించి దాన్ని మూయించేదాకా లేవని మనిషి. అటువంటావిడ కడుపున పుట్టి, కెనడా వచ్చి, బీరు పోసే చోట వంటకి కుదిరానని ఫోన్లో చెప్పడానికి నేనెంత భయపడ్డానో చెప్పలేను.  అమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది, అక్కడ తాగిపోయిన మగాళ్ళు ఇంటికెళ్ళి పెళ్ళాలను కొడతారా అని. పెళ్ళాలు కూడా పక్కనే కూర్చుని ఉంటారమ్మా, వేరుశనగలు తింటూ కబుర్లు చెప్పుకుంటారు అన్నాను. అయితే అది వేరే రకం అంగడి లేవే అని తేల్చేసింది. అంతటితో నాకు లైసెన్సు దొరికినట్టయింది.

మేము ఈ ఒషావా ఊరు వచ్చిన కొత్తల్లో మా ఆయనకి కార్ల ఫ్యాక్టరీకి పార్టులు చేసే చోట షిఫ్టు పని. నాకూ డిగ్రీ ఉంది, కానీ ఎక్కడ అప్లై చేసినా కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా అని అడిగేవాళ్ళే. పబ్బు ఓనరు ఒక్కడే ఉల్లిపాయలు తరగడం వచ్చా అని అడిగాడు. వచ్చన్నాను. ఆయన ఇంగ్లాండు ఉత్తరాన ఏదో బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, వయసులో ఉండగా ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనిషి. భార్యాబిడ్డలు లేరు. ఆయన్ని నేను అంకుల్ అని పిలిస్తే, వాళ్ళలో సొంత చుట్టాలే అలా పిలుస్తారు గనక, తన తమ్ముడు ఎప్పుడైనా మా దేశం వచ్చి పెళ్ళిగానీ చేసుకున్నాడా అని మొదట అనుమానపడ్డాడట. తర్వాత్తర్వాత పబ్బులో అందరికీ అంకులే అయ్యాడు.

ఇక నా వంట సంగతి. చేపముక్క మైదాలో ముంచి వేయించడం, ఆలుగడ్డని వేలంత ముక్కలుగా కోసి చిప్స్ వేయించడం, మాంసం కీమా మీద ఉడికించి మెదిపిన ఆలుగడ్డ పరిచి ఓవెన్లో పెట్టడం, ఇంతే మెనూ. పచ్చిమిరపకాయ కనుచూపు మేరలో లేదు. వంట వారంలో పట్టుబడింది గానీ వడ్డన పట్టుబడలేదు. తిన్నది చాలు, వద్దు అని ఎవరైనా అంటే అది నిజం అనుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. మనలో మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మొహమాటం, మూడోసారి అంటే అప్పుడు నిజంగా కడుపు నిండిందని అర్థం. అందుకని, చాలన్నవాళ్ళ పళ్ళెంలో కూడా ఒక పిడికెడు చిప్స్ వేసేసి వచ్చేదాన్ని. పాపం వాళ్ళు నా మొహం చూసి, థాంక్యూ అని, ఆపసోపాలు పడుతూ తినేవాళ్ళు. ఒకరోజు అంకుల్ నన్ను పక్కకి పిలిచి, అమ్మా, ఇక్కడ వద్దంటే వద్దనే అర్థం, బలవంతపెడితే భయపడతారు అని నెమ్మదిగా చెప్పాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

కానీ ఆయన పద్ధతి మనవాళ్ళ దగ్గర ఎదురు తన్నింది. ఇక్కడి యూనివర్సిటీకి మన తెలుగు పిల్లలు రావడం మొదలైన రోజులవి, గుంటూరు వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, కడప వాళ్ళు, చలికి ముడుచుకుపోయి, బస్సు వచ్చేదాకా కాస్త వెచ్చగా ఉంటుందని లోపలికి వచ్చి నిలబడేవాళ్ళు. అంకుల్ మంచి మనసుతో, ఏమైనా తింటారా, ఇది నా తరఫున అనేవాడు. ఇప్పుడే తిన్నాం అంకుల్ అనేవాళ్ళు, ఒక్క గొంతుతో. సరే అని ఆయన వెళ్ళిపోయేవాడు. వాళ్ళు ఆయన వెనక్కి తిరిగివస్తాడేమోనని చూస్తూ, పక్క బల్ల మీది చిప్స్ వాసన పీలుస్తూ అట్లాగే నిలబడేవాళ్ళు. వంటింటి కిటికీలోంచి నాకు అంతా కనిపించేది, నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. చివరికి ఆగలేక అంకుల్‌కి మన లెక్క విడమరిచి చెప్పాను, ఒక్కసారి అడిగితే అడిగినట్టు కాదు, మూడోసారికి గానీ నిజం బయటికి రాదు అని. ఆయనకది భలే నచ్చింది. మర్నాడే ప్రయోగం చేశాడు. మూడోసారికి పిల్లలు పళ్ళేలు ఖాళీ చేశారు.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు, ఏదైనా నేర్చుకుంటే వదిలిపెట్టే రకం కాదు. తన పాత ఖాతాదారుల మీద కూడా ఆ విద్య ప్రయోగించాడు. కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పని చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉండేవాడు, రోజూ సాయంత్రం వచ్చి కిటికీ దగ్గర ఒక గ్లాసుతో కూర్చుని, ఏమన్నా తింటావా అంటే తల అడ్డంగా ఊపేవాడు. అంకుల్ ఒకరోజు రెండోసారి అడిగాడు. అప్పుడూ తల ఊపాడు. మూడోసారి అడిగేసరికి ఆ మనిషి గ్లాసు కింద పెట్టి, తినాలని లేదు, ఇంటికి పోవాలనీ లేదు, ఆవిడ పోయినప్పటినుంచీ ఆ ఇంట్లో తాళం తియ్యాలంటేనే భయమేస్తోంది అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా వచ్చే మనిషి, భార్య పోయిన సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అంకుల్ కౌంటరు నాకొదిలేసి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాడు.  నేను రెండు పళ్ళేలు తీసుకెళ్ళి అడక్కుండానే పెట్టేశాను, ఎవరూ వద్దనలేదు.

ఆనాటినుంచి మా పబ్బులో అదే పద్ధతి. కొత్తవాళ్ళు మొదట కంగారుపడేవాళ్ళు గానీ, పాతవాళ్ళే నవ్వి, ఇక్కడ మూడుసార్లు అడుగుతారు, ఓపిక పట్టు అని చెప్పేవాళ్ళు. అంకుల్‌కి మోకాళ్ళ నొప్పులొచ్చి పబ్బు మమ్మల్ని తీసుకోమన్నప్పుడు కూడా మూడుసార్లే అడిగాడు. మొదటి రెండుసార్లు మాకెందుకండీ, మాకేం తెలుసు అని తప్పుకున్నాం. మూడోసారి నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. మా ఆయనకి పనిచేసే చోట షిఫ్టులు అప్పటికే తగ్గించేశారు. సరేనన్నాం.

ఆ మొదటి సంవత్సరాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ మనుషులు బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చేవాళ్ళు. మా అమ్మాయి ఒక మూల హోంవర్క్ చేసుకుంటూ, అర్థం కానిదేదైనా ఉంటే లెక్కలొచ్చిన ఏ ముసలాయన్నో అడిగేది. శుక్రవారాలు నేను కాస్త నెల్లూరు చేపల పులుసు కూడా పెట్టేదాన్ని, తెల్లవాళ్ళు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ లొట్టలేసేవాళ్ళు. అంకుల్ అప్పటికి మా ఖాతాదారుడయ్యాడు, తనకిష్టమైన కుర్చీలో కూర్చుని మేము మూడుసార్లు అడుగుతున్నామో లేదో కనిపెట్టేవాడు. ఇంగ్లాండునుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక పబ్బు మూసేశారన్న కబురే. అంకుల్ తన తండ్రి పక్కన కూర్చుని మొట్టమొదటి గ్లాసు తాగిన పబ్బు ఫ్లాట్లుగా మారిపోయిందని తెలిసిన రోజు ఆయన మేము తలుపులు మూసేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. మాకైతే అదేదో వాళ్ళ దేశం గొడవ అనిపించింది. ఆయన పోయిన తర్వాత గానీ ఆ గాలి మా వైపు తిరగలేదు, అదొక్కటే ఆయన అదృష్టం.

ఎందుకు నడవడం లేదు అని అందరూ అడుగుతారు, ఒక్క కారణమైతే నేనే తన్ని తరిమేసి ఉందును. ఫ్యాక్టరీలో మనుషులు తగ్గారు. బీరు ధర పెరిగింది, గ్యాసు బిల్లు, ఇన్సూరెన్సు, అద్దె, అన్నీ ఒకదాని వెనక ఒకటి పెరిగాయి, మేము మాత్రం చేపముక్క ధర పెంచాలంటే వారం రోజులు మథనపడేవాళ్ళం. ఆ మాయదారి కోవిడ్ రోజుల్లో తలుపులు మూసుకుని కూర్చున్నాం, మళ్ళీ తెరిచేసరికి జనానికి ఇంట్లో కూర్చోవడం అలవాటైపోయింది. కొందరు ఆ మధ్యలోనే పోయారు. కిటికీ దగ్గరి పెద్దమనిషిని కొడుకు విన్నిపెగ్ తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు వచ్చి మూడు గ్లాసులు తాగి, మూడుసార్లు చెయ్యి కలిపి వెళ్ళాడు.

మన పిల్లలు ఇప్పుడూ వస్తారు. మునుపటికంటే ఎక్కువమందే వస్తారు. కానీ వీపున డెలివరీ సంచీ, చేతిలో ఫోను, గుమ్మం దాటి రెండడుగులు కూడా లోపలికి రారు. ఆంటీ, ఆర్డర్ రెడీయా అంటారు. ఏమైనా తింటావా నాన్నా అంటే టైమ్ లేదు ఆంటీ అంటారు, రెండోసారి అడిగేలోపు తలుపు మూసుకుంటుంది. వాళ్ళ తప్పేం లేదు, ఆలస్యమైతే రేటింగు పోతుందట. ఆ సంచీలో వెళ్ళే చిప్స్ మెత్తబడి ఎవరింట్లోనో ఎవరో ఒక్కరే తింటారు. ఎవరు తింటున్నారో నాకు తెలియదు. పేరు మాత్రం రసీదు మీద ఉంటుంది.

పబ్బు మూసేస్తున్నాం అని చెప్పినప్పుడు అందరూ ఎంత మంచిగా మాట్లాడారో. ఉన్న కొద్దిమంది పాతవాళ్ళు, పాపం అలసిపోయారు, విశ్రాంతి తీసుకోండి అన్నారు. కాల్గరీలో ఉన్న మా అమ్మాయి ఫోన్లో ‘గుడ్ ఫర్ యూ, మామ్’ అంది. నా మంచికోరే అంది, నాకు తెలుసు. అయినా ఒక్కరంటే ఒక్కరు, అదేమిటి, ఎందుకు మూస్తున్నావు, వీల్లేదు అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా బాధేసింది. మొన్నటి ఏజెంటు మాటకి ప్రాణం లేచివచ్చినట్టయింది కూడా అందుకే.

నిన్న మధ్యాహ్నం హోల్‌సేల్ షాపునుంచి తిరిగి వస్తుంటే కారులో మా ఆయన ఉన్నట్టుండి, పోనీ ఇంకో రెండేళ్ళు నడుపుదామా అన్నారు. వద్దులెండి అన్నాను. కాస్త దూరం పోయాక, నా గురించి ఆలోచించకు, నేను ఓపిక తెచ్చుకుంటాను, నడుపుదామా అన్నారు. వద్దన్నాను. ఇంటి ముందు కారు ఆపి, ఇంజను కూడా ఆపేసి, నా వైపు తిరిగి మూడోసారి అడిగారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదైనా మూడుసార్లు అడగడం అదే మొదలు. సరేనందామనే నోరు తెరిచాను. సరేనంటే రేపు సాయంత్రం పబ్బు ఎట్లా ఉంటుందో కళ్ళముందు ఊహించుకున్నాను, అన్ని కుర్చీల్లోనూ మనుషులున్నారు, అంకుల్ ఉన్నాడు, కిటికీ దగ్గర పెద్దమనిషి ఉన్నాడు, చలికి ముడుచుకున్న పిల్లలున్నారు, మూలన మా అమ్మాయి పుస్తకం ముందేసుకుని ఉంది. రేపు నిజంగా వచ్చేవాళ్ళు ఒక్కరూ అందులో లేరు. వద్దండీ అన్నాను. మూడోసారి వచ్చిన మాట అది, మొహమాటం కాదు. ఆయన కారు తాళంచెవి తీసుకుని, సరే అన్నారు.

ఈరోజుల్లో ఎవరూ ఆకలితో ఉండాల్సిన పని లేదు, ఏం కావాలో ఫోనే అడుగుతుంది, వద్దంటే ఊరుకుంటుంది, బాధపడదు, మళ్ళీ అడగదు. మనిషిని మనిషి మూడుసార్లు అడగాలంటే ముందు ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చోవాలి కదా. అడిగే ఓపిక నాకింకా ఉంది. వచ్చి కూర్చునేవాళ్ళే లేరు.