బోర్లించిన మొసలి

రోసమ్మ రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేరి, టీటీఈగా రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆమె ఎదుట నిలబడ్డ ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉండేది. పర్సు పోయిందని ఒకడు, టికెట్టు పక్క బోగీలో బావమరిది దగ్గరుందని ఇంకొకడు. వాళ్లలో నిజం చెప్పేవాళ్లూ ఉంటారని ఆమెకు తెలుసు. కానీ ముందు నమ్మేసి, తర్వాత ఆరా తీయడం ఆమెకు చేతకాదు. లాలాగూడలో స్థిరపడ్డాక కూడా కూరగాయల బండివాడి తక్కెడ అడుగున ఓసారి తడిమి చూసిగాని సంచి చాపేది కాదు.

అందుకే చర్చి స్త్రీల సమాజం పిల్లల ఆట సంగతి తేల్చే పని ఆమెకే అప్పగించింది. సండే స్కూలు పిల్లలు రాక్షసుల బొమ్మలున్న కార్డులు తెచ్చుకుని వెనక బెంచీల్లో ఆడుకుంటున్నారు. "బలిస్తున్నా", "శ్మశానంలోంచి లేపుతున్నా" అన్న మాటలు సమాజం అధ్యక్షురాలు ప్రిసిల్లా చెవిన పడ్డాయి.

"పైకి ఆటలాగే ఉంది రోసమ్మక్కా. లోపల ఏముందో మీరే కనిపెట్టాలి," అంది ప్రిసిల్లా.

ఆ కార్డులు అమ్మేది చిలకలగూడలో ఓంప్రకాశ్ అనే ఆయన. పెన్నులు, నోట్‌బుక్కులు, ఆటవస్తువులు అమ్ముకునే చిన్న దుకాణం. రోసమ్మ ఒక మంగళవారం మధ్యాహ్నం వెళ్లి, తనను ఎవరు పంపారో, ఎందుకొచ్చిందో దాచకుండా చెప్పేసింది. ఆయన జంకలేదు. ఆ జంకకపోవడమే ఆమెకు మొదటి అనుమానం.

"నోటితోని చెప్తే మీరు నమ్మరు మేడం. కూసోండ్రి, ఆడి సూడుండ్రి," అంటూ ఆయన కౌంటర్ మీద రెండు కట్టలు పెట్టాడు. "గీ పసుపు అంచువి సాదా మాన్‌స్టర్లు. బలం తప్ప ఇంకేం లేదు. నారింజ అంచువాటికి బలంతోపాటు ఒక పవర్ ఉంటది, కింద రాసుంటది. ఊదా రంగువి ఫ్యూజన్. రెండు మాన్‌స్టర్లు కలిస్తెనే గవి వస్తయి. అందుకే కట్టల కలపం, పక్కకు పెడ్తం."

"పక్కన ఎందుకు? కావాల్సినప్పుడు నచ్చింది లాక్కోడానికా?"

"మీకు సుత గట్లనే పక్కకుంటయి గద మేడం."

బలమైన మాన్‌స్టర్‌తో ఎదుటివాళ్లదాన్ని కొట్టి పడగొట్టాలి. ప్రతి కార్డు మీదా చుక్కలున్నాయి. నాలుగు చుక్కల వరకూ మాన్‌స్టర్ని నేరుగా దింపొచ్చు. అంతకు మించిన దాన్ని దింపాలంటే అప్పటికే బల్ల మీదున్న సొంత మాన్‌స్టర్ని ఒకదాన్ని తీసేయాలి. పిల్లలు బలి అంటున్నది దీన్నే. తీసేసిన కార్డులు వేసే మూలకు శ్మశానం అని పేరు; అక్కణ్ణుంచి కార్డును మళ్లీ బల్ల మీదికి తేవడమే లేపడం.

"అంతేనా?"

"గంతే మేడం."

ఇంత మామూలు సంగతికి అంత భయంకరమైన పేర్లు పెట్టాల్సిన అవసరమేమిటో రోసమ్మకు బోధపడలేదు. ఆ రోజు ఓడిపోయింది. ఒక్క ఆటతో తనిఖీ పూర్తికాదనుకుని మరుసటి మంగళవారం మళ్లీ వెళ్లింది.

ఈసారి గెలిచింది. ఆ తర్వాత కూడా గెలుస్తూనే వచ్చింది. ఆయన చెప్పిన ప్రతి రూలునూ, కార్డును వెలుతురుకేసి పట్టుకుని చదివి సరిచూసుకునేది. ఎక్కడా అబద్ధం దొరకలేదు. నిజానికి ఆట ఆమెకు నచ్చసాగింది. ఏ మాన్‌స్టర్ని దేనికి బలిస్తే లాభమో ఇంట్లో అన్నం వార్చుకుంటూ కూడా ఆలోచించేది.

"ఒక ఆట సంగతి తెలుసుకోడానికి ఇన్ని వారాలా అక్కా?" అంది ప్రిసిల్లా ఒక ఆదివారం. అని, రోసమ్మ ముఖంలోకి తేరిపార చూసింది. ప్రయాణికుల మీద తాను వేసే చూపు అదే. అది తన మీద పడితే ఎలా ఉంటుందో రోసమ్మకు అప్పుడు తెలిసింది.

తర్వాతి మంగళవారం ఆమె వెళ్లేసరికి ఓంప్రకాశ్ వసుధ అనే కాలేజీ అమ్మాయితో ఆడుతున్నాడు. రోసమ్మ పక్కన నిలబడి చూసింది. ఆయన ఒక కార్డు బోర్లించి పెట్టాడు. వసుధ తన పెద్ద మాన్‌స్టర్‌తో దాన్ని కొట్టింది. కార్డు తిరగబడింది. బురదలో మొసలి. బోర్లించి ఉండగా ఎవరైనా దాన్ని కొడితే, కొట్టినదే చచ్చిపోతుంది. వెల్లకిలా పెడితే ఆ పవర్ పనిచేయదు.

ఆ మొసలిని రోసమ్మ బాగా ఎరుగును. ఆయన తనతో ఆడినప్పుడల్లా దింపేవాడు. దింపినప్పుడల్లా వెల్లకిలా పెట్టేవాడు.

వసుధ ఓడిపోయి వెళ్లేదాకా ఆగి అడిగింది. "నాతో ఆడేటప్పుడు దీన్ని ఎందుకు బోర్లించరు?"

"మర్శిపోయుంటా మేడం."

"ఈ మాట సర్వీసంతా విన్నాను. నిజం చెప్పండి."

ఆయన కట్ట అంచులు సరిచేశాడు. "మొదట్ల భయమైంది. మీరు చర్చిల చెడ్డగ చెప్తే పిల్లలు ఇటు దిక్కు రారు. గెలిస్తె ఖుషీ అయితరు, మంచిగ చెప్తరు అనుకున్న."

"అంటే లంచం."

"మొదట్ల గంతే. తర్వాత భయం పోయింది. పొద్దంత రీఫిల్లు అడిగెటోళ్లే గని, నా ఈడు మనిషి కూసోని ఆడింది లేదు. ఓడిపోతె మీరు వచ్చుడు బంద్ చేస్తరేమో అని..."

రోసమ్మ లేచి వచ్చేసింది. ఉద్యోగంలో ఒక్కరి దగ్గరా ఏమీ తీసుకోని మనిషి తను. ఈయన వారం వారం గెలుపు చేతిలో పెడుతుంటే నవ్వుకుంటూ ఇంటికి మోసుకెళ్లింది. తాను గొప్పగా వేశాననుకున్న ఎత్తులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, దారి పొడవునా ముఖం వేడెక్కింది.

ఆదివారం సమాజంలో ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆటలో దోషం లేదు. ఆడినాయన దగ్గర ఉంది. నన్ను మంచి చేసుకోడానికి ఓడిపోయాడు. కాబట్టి నా మాట పట్టుకోకండి, మీరే వచ్చి చూడండి."

ప్రిసిల్లా ఆమెతో దుకాణానికి వచ్చింది. ఇద్దర్నీ చూసి ఓంప్రకాశ్ గబగబా స్టూళ్లు తుడిచాడు.

"ఆట అయ్యాక మీ చేతిలో కార్డులన్నీ నాకు చూపించాలి," అంది రోసమ్మ. "ఈసారి కావాలని ఓడిపోయారో, మళ్లీ ఈ గడప తొక్కను."

ఆయన తలూపాడు. వరసగా రెండు ఆటలు ఆమెను చిత్తుగా ఓడించాడు. ప్రిసిల్లా మొదట్లో చేతులు కట్టుకుని, ప్రతి కార్డు గురించీ గుచ్చి గుచ్చి అడిగింది. రెండో ఆట సగంలో రోసమ్మ భుజం మీదుగా వంగి, "ఆ మూలదాన్ని కొట్టకండక్కా, బోర్లించి ఉంది," అంది.

కార్డులు చర్చిలోకి తేకూడదనీ, ఇంట్లో ఆడుకోవడం తల్లిదండ్రుల ఇష్టమనీ సమాజం తీర్మానించింది. శ్మశానం అన్న పేరు మాత్రం ప్రిసిల్లాకు చివరిదాకా నచ్చలేదు.

రోసమ్మ మంగళవారాలు మానలేదు. ఎక్కువగా ఓడిపోతుంది. ఎప్పుడైనా గెలిస్తే ఆయన చేతిలో మిగిలిన కార్డులు కౌంటర్ మీద పరిపించి, ఫలానాది ఎందుకు వేయలేదని నిలదీస్తుంది. ఆయన కారణం చెబుతాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని కార్డును మరోసారి చదివి, కట్ట కలపమంటుంది.