జర్మన్ క్లాసుకు జూనియర్ ఆర్టిస్టులు

యూనివర్సిటీలో ఎకనామిక్స్‌తో పాటు జర్మన్ మైనర్‌గా తీసుకుంటానంటే మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. మైనర్ అంటే అసలు సబ్జెక్టు పక్కన చదివే రెండో సబ్జెక్టని ఎవరికీ తెలియదు కాబట్టి. నాన్న ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్. పెళ్ళి సీనుకు చుట్టాలు కావాలన్నా, కోర్టు సీనుకు జనం కావాలన్నా రహమత్ నగర్‌లోని మా ఇంటికే ఫోన్ వచ్చేది.

మా జర్మన్ క్లాసులో ఉన్నదే ఆరుగురం. కొత్తగా పదిమందైనా చేరకపోతే వచ్చే సెమిస్టర్ నుంచి మైనర్ ఎత్తేస్తామని డిపార్ట్‌మెంట్ వాళ్ళు చెప్పేశారు. నా చదువు సగంలో ఆగడం ఒక ఎత్తు, కాంట్రాక్టు మీద పాఠం చెప్పే మా మేడమ్ ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఆవిడంటే నాకు ప్రాణం. ఎన్ని తప్పులతో మాట్లాడినా "నోరు తెరిచావు కదా, అదే పదివేలు" అనే మనిషి. చివరి ప్రయత్నంగా ఆవిడ ఒక డెమో క్లాసు పెట్టారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, నచ్చితే చేరొచ్చు.

ముందురోజు అన్నం తింటూ నాన్న దగ్గర నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"గింతేనా? జనమే గద బిడ్డా, నేను పంపిస్త."

"వాళ్ళు స్టూడెంట్స్ కాదు నాన్నా. క్లాసులో చేరలేరు."

"చేరుమన్ననా? ఊకె కూసుంటరు. ఖాళీ హోటల్ల ఎవడన్న చాయ్ తాగుతడా? నలుగురు కనవడితే అయిదోడు ఆగుతడు."

నాన్నతో వాదించి నెగ్గిన డైరెక్టరే లేడు, నేనెంత!

మర్నాడు స్టూడియో వ్యాను యూనివర్సిటీ గేటు ముందు ఆగింది. దిగినవాళ్ళలో పదిహేనేళ్ళుగా సినిమాల్లో కాలేజీ స్టూడెంటుగానే ఉండిపోయిన అన్నలున్నారు. జుట్టుకు రంగు, భుజాన బ్యాగు, కళ్ళజోడు, అన్నీ పక్కా. "ఎవ్వరు కెమెరా దిక్కు సూడొద్దు" అని నాన్న అలవాటు కొద్దీ హెచ్చరించి లోపలికి పంపాడు.

మేడమ్ "గూటెన్ టాగ్" అని జర్మన్‌లో నమస్కారం చెప్పగానే వెనక బెంచీలో ఒక పెద్దాయన చప్పట్లు కొట్టాడు. సభ సీననుకున్నాడు పాపం. ఒకరు కొడితే మిగతావాళ్ళు ఆగుతారా! హాలు మోగిపోయింది. నాకు తలెత్తే ధైర్యం లేకపోయింది.

కానీ మేడమ్ హుషారు రెట్టింపైంది. ఆవిడ ఒక మాట అంటే మావాళ్ళు ఒక్క గొంతుతో తిరిగి అనేవాళ్ళు. ఆ అరుపులకు కారిడార్‌లో పోయే పిల్లలు ఆగారు, తొంగి చూశారు, లోపలికొచ్చారు. వాళ్ళు రాగానే మావాళ్ళు ఎవరూ చెప్పకుండానే లేచి, చోటిచ్చి, గోడవారన నిలబడ్డారు. ముందు వరుస తమది కాదని వాళ్ళకు అలవాటే. అది చూసి నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడు మేడమ్ "ఇఖ్ హైసె" అని తన పేరు చెప్పి, ఒక్కొక్కరినీ అలాగే చెప్పమన్నారు. బెంచీలు అయ్యాక గోడ దగ్గరికి కూడా వెళ్ళారు. పెళ్ళి సీన్లలో ఎప్పుడూ పెళ్ళికూతురి వెనక నిలబడే అక్క ఒకామె గొణిగినట్టు చెప్పింది. మేడమ్‌కు వినపడక మళ్ళీ అడిగారు. ఈసారి గట్టిగా చెప్పింది. మేడమ్ ఆ పేరు పలికి, చెయ్యి కలిపారు.

క్లాసు అయ్యేసరికి పదిమంది కాదు, అంతకన్నా ఎక్కువమందే చేరారు. మైనర్ నిలబడింది. గోడవారన నిలబడ్డవాళ్ళెవరో నేను చెబితే మేడమ్ కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు.

గేటు దగ్గర ఆ అక్క నాన్నతో అంటోంది: "అన్నా, నేను ఈ లైన్లకొచ్చి ఇరవై ఏండ్లాయె. 'ఓ ఎర్రచీర, జర జరుగు' అనుడే గని, నా పేరడిగినోడు లేడు. ఆ మేడమ్ రెండుసార్లు అడిగింది."

రోజూ "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అని తరిమే నాన్న ఆ రోజు వ్యాను తలుపు పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఎక్కించాడు. మొదట ఆమెనే.